ఒక్క కేబుల్‌తో అన్నీ ఛార్జింగ్ పెట్టాలంటే

ఫోనుకి ఒకటి, ఇయర్‌బడ్స్‌కి ఒకటి, పవర్ బ్యాంక్‌కి ఒకటి, ట్రిమ్మర్‌కి ఇంకోటి, ఇక ల్యాప్‌టాప్‌కైతే విడిగా పెద్ద అడాప్టర్. ఇన్ని మోయలేక, చివర మూడు రకాల పిన్నులున్న కేబుల్ ఒకటి కొనేస్తే గోల వదిలిపోతుంది కదా అని నన్ను అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అడిగిన ప్రతిసారీ నేను చెప్పేది ఒకటే: పిన్ను పట్టడం వేరు, ఛార్జింగ్ ఎక్కడం వేరు. పిన్ను పట్టించే సరంజామా ఎక్కడైనా దొరుకుతుంది. ఛార్జింగ్ సరిగ్గా ఎక్కాలంటే మాత్రం ఆ కేబుల్ లోపల ఏముందో కొంచెం తెలియాలి. తెలిస్తే నిజంగానే ఒక్క కేబుల్‌తో దాదాపు అన్నీ నడిపేయొచ్చు, నేను అలాగే నడుపుతున్నాను. కాకపోతే నాది మూడు పిన్నుల కేబుల్ కాదు.

అసలు ఇన్ని పిన్నులు ఎందుకొచ్చాయో చూద్దాం. మనం సన్న పిన్ అనుకునే మైక్రో యూఎస్‌బీ 2007లో వచ్చింది. ఆపిల్ వాళ్లు 2012లో ఐఫోన్ 5తో లైట్నింగ్ తెచ్చారు, దాన్ని ఎటు తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి అప్పట్లో అది పెద్ద సుఖం. టైప్ సి ప్రమాణం 2014లో బయటికొచ్చింది. యూరోపియన్ యూనియన్ చట్టం చేసి 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్ల లాంటివన్నీ టైప్ సితోనే ఛార్జ్ అవ్వాలంది, ల్యాప్‌టాప్‌లకి 2026 ఏప్రిల్ 28 వరకు గడువిచ్చింది. ఆ చట్టం అమల్లోకి రాకముందే 2023లో ఐఫోన్ 15 కూడా టైప్ సికి మారిపోయింది. వాడకుండా పక్కన పడేసినవి, చెత్తలో వేసినవి కలిపి ఒక్క యూరప్‌లోనే ఏడాదికి 11,000 టన్నుల ఛార్జర్లు పోగవుతున్నాయని యూరోపియన్ కమిషన్ అంచనా. ఆ లెక్క చదివినప్పుడు నాకు బాధేసింది, ఎందుకంటే అందులో పాడైపోకుండానే, ఫోను మారితే పనికిరాకుండా పోయినవి కూడా ఉంటాయి. అందుకే ఒకే రకం పిన్ను రావడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే చట్టం కొత్తవాటికే. పాత హెడ్‌ఫోన్లు, పాత స్పీకరు, పాత ఐఫోను ఇంకా శుభ్రంగా పనిచేస్తున్నాయి, పిన్ను కోసం వాటిని పారేయలేం కదా.

ఇప్పుడు అసలు విషయం. పాత రకం దీర్ఘచతురస్రపు యూఎస్‌బీ పోర్టు, అంటే టైప్ ఎ, దాన్ని ప్లగ్గులో పెట్టగానే 5 వోల్టులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, అవతల ఏమున్నా లేకపోయినా. టైప్ సి పోర్టున్న ఛార్జర్ అలా కాదు. దాని పోర్టులో ఏమీ పెట్టనంతసేపు కరెంటు రాదు. కేబుల్‌లో సీసీ అనే చిన్న తీగ ఒకటి ఉంటుంది, దాని అవతలి కొసన ఫోనులో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ (నిరోధం ఇచ్చే చిన్న భాగం) కనిపిస్తేనే, ఆహా అటు పక్క ఛార్జింగ్ తీసుకునేది ఏదో ఉంది అని ఛార్జర్‌కి అర్థమై 5 వోల్టులు వదులుతుంది. ఆ తర్వాత అదే తీగ మీద ఛార్జరూ ఫోనూ మాట్లాడుకుంటాయి. నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులున్నాయి, ఒక్కోదాంట్లో ఇంత కరెంటు ఇవ్వగలను అని ఛార్జర్ చెబుతుంది, ఫోను తనకు కావలసింది అడుగుతుంది, అప్పుడు ఛార్జర్ ఆ వోల్టేజీకి మారుతుంది. దీన్నే పవర్ డెలివరీ, పొట్టిగా పీడీ అంటారు. మామూలు సి టు సి కేబుల్ 3 ఆంపియర్ల వరకు మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకుమించి 5 ఆంపియర్లు వెళ్లాలంటే కేబుల్ కొసలో ఈ-మార్కర్ (e-marker) అనే చిప్ ఉండాలి. నేను 5 ఆంపియర్లకు తగిన కేబుల్‌ని అని ఆ చిప్ చెబితేనే ఛార్జర్ అంత ఇస్తుంది. 2021లో వచ్చిన కొత్త పీడీ ప్రమాణంతో ఇది 48 వోల్టులు, 240 వాట్ల దాకా వెళ్లింది.

ఇది తెలిశాక మూడు పిన్నుల కేబుల్ సంగతి చూడండి. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర సి, లైట్నింగ్, మైక్రో మూడూ గుత్తిగా వేలాడుతుంటాయి. ఆ మూడింటికీ లోపల కరెంటు తీగలు రెండే, అవే మూడుగా చీలతాయి. ఒకే పైపుకి మూడు కుళాయిలు బిగించినట్టు, ఒకటి తిప్పితే ధార బాగానే వస్తుంది, మూడూ తిప్పితే అన్నీ సన్నగిల్లుతాయి. ఇలాంటివాటి మీద 3 ఆంపియర్లు అని రాసి ఉంటే అది మూడింటికీ కలిపి. 5 వోల్టుల దగ్గర 15 వాట్లు, దాన్నే ఫోనూ ఇయర్‌బడ్సూ పవర్ బ్యాంకూ పంచుకోవాలి. రాత్రంతా పెట్టి ఉంచితే ఫరవాలేదు, పొద్దున అరగంటలో బయల్దేరాలంటే మాత్రం పని జరగదు.

నెమ్మదిగా ఎక్కడం వరకైతే ఓర్చుకోవచ్చు. నాకు టెన్షన్ పెట్టేది వోల్టేజీ. కరెంటు తీగలు ఉమ్మడి కాబట్టి ఒక పిన్నుకి తగిలించిన ఫోను ఫాస్ట్ ఛార్జింగ్ కోసం 9 వోల్టులు అడిగి, ఛార్జర్ సరేనని ఇచ్చిందంటే, ఆ 9 వోల్టులు పక్క పిన్నులకి కూడా వెళ్తాయి. కొన్ని ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతులు డేటా తీగల మీదుగానే వోల్టేజీ పెంచమని అడుగుతాయి, ఆ తీగలు మూడు పిన్నుల్లో ఏదో ఒకదానికి కలిపి ఉంటే చాలు, ఇది జరగొచ్చు. 5 వోల్టులకే తయారుచేసిన ఇయర్‌బడ్స్ కేసు ఆ పక్కనే వేలాడుతుంటే అది దెబ్బతినొచ్చు. తెలిసి చేసిన కంపెనీలు వీటిని 5 వోల్టులు దాటనివ్వవు, అంటే ఫాస్ట్ ఛార్జింగ్ ఉండదు. అందుకని "మూడు పిన్నులు, ఒకేసారి మూడింటికీ ఫాస్ట్ ఛార్జింగ్, 100 వాట్లు" అని రాసి ఉన్న కేబుల్ కనిపిస్తే నేను దూరంగా ఉంటాను. 100 వాట్లు ఒక్క సి పిన్నులో ఒంటరిగా వాడినప్పుడు వస్తాయేమో గానీ, మూడింటికీ ఒకేసారి రావడం ఆ తీగలతో అయ్యే పని కాదు. ఇలాంటి కేబుల్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే పారేయక్కర్లేదు, 5 వోల్టులు మాత్రమే ఇచ్చే పాత ఛార్జర్‌కి పెట్టి చిన్న చిన్న వస్తువులకి వాడుకోండి, అక్కడ అది చక్కగా పనికొస్తుంది.

తీగ లావు గురించి ఎవరూ పట్టించుకోరు, అది నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. చవక కేబుళ్లలో చాలావాటిలో కరెంటు తీగలు 28 గేజ్, అంటే వెంట్రుకల్లాగా సన్నగా ఉంటాయి. ఆ తీగకి మీటరుకి సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం. కేబుల్ 2 మీటర్లు ఉందనుకోండి, కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి మొత్తం 4 మీటర్లు, అంటే 0.85 ఓమ్‌లు. అందులోంచి 2 ఆంపియర్లు లాగితే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. ఛార్జర్ దగ్గర 5 ఉంటే ఫోను దగ్గరికి చేరేది 3.3. అంత తక్కువలో ఫోను బ్యాటరీ ఎక్కదు, వోల్టేజీ పడిపోతోందని గమనించి ఫోనే తను లాగేది తగ్గించుకుంటుంది. ఛార్జర్ మంచిదే, ఫోను మంచిదే, ఛార్జింగ్ మాత్రం నత్తనడక. చాలామంది ఛార్జర్ పాడైందని కొత్త ఛార్జర్ కొంటారు. అదే 24 గేజ్ (ఈ అంకె తగ్గేకొద్దీ తీగ లావు) తీగతో 1 మీటరు కేబుల్ అయితే 2 ఆంపియర్లకి పోయేది 0.34 వోల్టులే. పీడీ వోల్టేజీ పెంచేది కూడా ఇందుకే. 18 వాట్లు 5 వోల్టుల్లో పంపాలంటే 3.6 ఆంపియర్లు కావాలి, 9 వోల్టుల్లో అయితే 2 చాలు, తీగలో వేడీ తగ్గుతుంది. కాబట్టి ఛార్జింగ్‌కి పొట్టి కేబుల్, లావు తీగ. మంచం పక్కన పడుకుని ఫోను చూసుకోవడానికి 3 మీటర్ల కేబుల్ కావాలంటే దాని మీద ఎంత వాట్లని రాసి ఉందో చూసి కొనండి.

మరి నేను వాడేదేమిటి? ఒక మంచి సి టు సి కేబుల్, ఈ-మార్కర్ ఉన్నది, 100 వాట్లు మోసేది. దాని చివరకి తగిలించుకోవడానికి చిన్న ముక్కలు రెండు, ఒకటి మైక్రోకి, ఒకటి లైట్నింగ్‌కి. టైప్ సి ఉన్న వస్తువులకి ముక్క అక్కర్లేదు, పూర్తి వేగంతో ఎక్కుతాయి. పాతవాటికి ముక్క తగిలిస్తాను. ఒకసారికి ఒక వస్తువే కాబట్టి ఎవరడిగిన వోల్టేజీ వాళ్లకే వెళ్తుంది, పక్కవాళ్ల మీద పడదు.

ఈ చిన్న ముక్కల గురించి నిజం ఒకటి చెప్పాలి. ఒకవైపు సి రంధ్రం, ఇంకోవైపు పాత రకం ప్లగ్గు ఉన్న ముక్కల్ని యూఎస్‌బీ ప్రమాణం ఒప్పుకోదు. మైక్రో రంధ్రం, సి ప్లగ్గు ఉన్న ముక్కని ఒప్పుకుంటుంది, దాన్ని తిరగేసిన రకాన్ని కాదు. కారణం ఉంది. సి రంధ్రం, టైప్ ఎ ప్లగ్గు ఉన్న ముక్కలు రెండు తీసుకుని సి కేబుల్‌కి రెండు కొసలా పెడితే, రెండు ఛార్జర్లని ఎదురెదురుగా కలిపేయొచ్చు, కరెంటు ఇచ్చేవి రెండూ ఢీకొంటాయి. అందుకే ఆ టైప్ ఎ ప్లగ్గు ముక్కని నేను సంచీలో పెట్టను. మైక్రో ప్లగ్గు ముక్కతో అంత ప్రమాదం లేదు, అది కరెంటు తీసుకునే వస్తువుకే వెళ్తుంది కాబట్టి. కానీ దాని లోపల పైన చెప్పిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. లేకపోతే టైప్ సి ఛార్జర్ దాన్ని గుర్తించదు, కరెంటు అసలు రాదు. కొన్న రోజే సి ఛార్జర్, సి టు సి కేబుల్‌తో పెట్టి చూడండి, ఎక్కకపోతే తిరిగి ఇచ్చేయండి. లైట్నింగ్ ముక్క అయితే ఎంఎఫ్ఐ గుర్తింపు (ఆపిల్ ఇచ్చే అనుమతి) ఉన్నది చూసుకోండి, లేనివాటితో ఈ యాక్సెసరీ పనిచేయదని ఐఫోన్ మొరాయించే అవకాశం ఉంది. ముక్కల్ని కేబుల్‌కే చిన్న పట్టీతో వేలాడేసి ఉండే రకం దొరికితే అదే తీసుకోండి, లేకపోతే వారంలో పోతాయి.

చవక కేబుల్ అంటే భయపడటానికి ఒక పాత సంఘటన కూడా ఉంది. గూగుల్‌లో ఇంజినీరు బెన్సన్ లియుంగ్ 2015, 2016ల్లో ఆన్‌లైన్‌లో అమ్మే టైప్ సి కేబుళ్లను కొని ఒక్కొక్కటే పరీక్షించి ఫలితాలు అందరికీ తెలిసేలా రాశారు. టైప్ ఎ నుంచి సికి వెళ్లే కేబుల్‌లో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, ఇటువైపున్నది మామూలు పాత పోర్టు, జాగ్రత్తగా లాగు అని ఫోనుకి చెప్పేది అదే. చాలా కేబుళ్లలో దాని బదులు 10 కిలో ఓమ్‌లది ఉంది. అది ఫోనుకి చెప్పేదేమిటంటే 3 ఆంపియర్లు నిశ్చింతగా లాగు అని. పాత ల్యాప్‌టాప్ పోర్టు నుంచి అంత లాగితే ఆ పోర్టు సంగతి ఏమవుతుంది? 2016 ఫిబ్రవరిలో ఆయన పరీక్షించిన ఒక కేబుల్‌లోనైతే కరెంటు తీగా గ్రౌండ్ తీగా తారుమారుగా అతికించి ఉన్నాయి, దాంతో ఆయన ల్యాప్‌టాప్ దెబ్బతింది. జీతం కోసం కాకుండా జనం వస్తువులు కాలిపోకూడదని ఒక మనిషి అంత శ్రమపడటం నాకు చాలా గౌరవం కలిగించింది, ఇవాళ మార్కెట్లో కేబుళ్లు కాస్త నయంగా ఉండటంలో ఆయన చేయి ఉందని నేను అనుకుంటాను.

ఇక కేబుల్ తప్పేమీ లేకుండానే ఛార్జింగ్ ఎక్కని వస్తువులున్నాయి. కొన్ని ట్రిమ్మర్లు, టార్చ్‌లైట్లు, చిన్న ఫ్యాన్లు, వాటికి పోర్టు చూస్తే టైప్ సి, కానీ లోపల ఆ 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టలేదు. డబ్బాలో ఇచ్చిన టైప్ ఎ టు సి కేబుల్‌తో ఎక్కుతాయి, ఎందుకంటే టైప్ ఎలో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. సి టు సి కేబుల్‌తో పెడితే చడీచప్పుడూ ఉండదు. వస్తువు చచ్చిపోయిందనుకుంటాం. పైసల్లో ఖరీదు చేసే రెసిస్టర్ రెండు పెట్టకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. పేరున్నవాళ్లకీ ఈ చోట పొరపాటు జరిగింది, 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో, పోర్టులోని రెండు సీసీ బిందువులకి విడివిడిగా ఉండాల్సిన రెసిస్టర్ ఉమ్మడిగా ఒకటే పెట్టడంతో ఈ-మార్కర్ ఉన్న మంచి కేబుళ్లతోనే అది పనిచేయలేదు, తర్వాత బోర్డు సవరించి ఇచ్చారు. ఇలాంటి వస్తువుల కోసమే నేను ఛార్జర్ కొనేటప్పుడు సి పోర్టులతో పాటు ఒక టైప్ ఎ పోర్టు కూడా ఉందా అని చూస్తాను, పొట్టి ఎ టు సి కేబుల్ ఒకటి చుట్టి పక్కన పెడతాను.

ల్యాప్‌టాప్ టైప్ సితో ఛార్జ్ అయ్యేదైతే అదృష్టం, అదే కేబుల్ దానికీ వస్తుంది, ఛార్జర్ 65 వాట్లదైతే మామూలు ఆఫీసు పనికి చాలు. గుండ్రటి పిన్ను ల్యాప్‌టాప్ అయితే కాస్త ఆలోచించాలి. ఆ గుండ్రటి పిన్నులు 5.5 మిల్లీమీటర్లవి, 4.5వి ఇలా ఎన్నో కొలతలు, పైగా పిన్ను పట్టినంత మాత్రాన వోల్టేజీ ఒకటే అని కాదు. 12 వోల్టుల రౌటరు, 19 వోల్టుల ల్యాప్‌టాప్ రెండిటికీ పట్టే పిన్ను ఒకటే ఉండొచ్చు, తారుమారైతే రౌటరు ఆ క్షణమే పోవచ్చు. పది పన్నెండు పిన్నులతో, వోల్టేజీ చేత్తో తిప్పే మీటతో వచ్చే యూనివర్సల్ అడాప్టర్లు నేను ఎవరికీ చెప్పనిది ఇందుకే, ఆ మీట సంచీలో ఒరుసుకుని జరిగిపోవచ్చు. టైప్ సి ఛార్జర్‌ని 20 వోల్టులు అడిగి గుండ్రటి పిన్నుకి ఇచ్చే కేబుళ్లు ఉన్నాయి, 19 వోల్టుల ల్యాప్‌టాప్‌లు చాలావరకు దాన్ని తీసుకుంటాయి. కానీ అది ఆ ల్యాప్‌టాప్‌కి మాత్రమే అని గుర్తుగా టేపు అంటించి పెట్టుకోండి. పిన్ను మధ్యలో సన్నటి సూదిలాంటి తీగ ద్వారా అడాప్టర్ తమదేనా అని చూసుకునే ల్యాప్‌టాప్‌లు కొన్ని వీటితో నడుస్తాయి గానీ బ్యాటరీ ఎక్కించవు.

రెండు మూడు పోర్టులున్న ఛార్జర్ కొంటే ఒక్కటి గమనించండి. 65 వాట్లని పైన రాసి ఉన్నా, రెండో వస్తువు పెట్టగానే అది 45, 20గా చీలొచ్చు. పెట్టిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ చాలా ఛార్జర్లు అన్నిటితో మళ్లీ మొదటినుంచి మాట్లాడుకుంటాయి, ఆ క్షణం ఛార్జింగ్ ఆగి మళ్లీ మొదలవుతుంది, కంగారు పడక్కర్లేదు. పవర్ బ్యాంక్‌కి ఇయర్‌బడ్స్ పెడితే కాసేపటికి ఆగిపోవడం ఇంకో రకం. అవి లాగే కరెంటు మరీ తక్కువ కావడంతో ఏమీ తగిలించలేదనుకుని పవర్ బ్యాంక్ ఆగిపోతుంది. తక్కువ కరెంటు మోడ్ ఉన్నవాటిలో బటన్ రెండుసార్లు నొక్కితేనో, కాసేపు నొక్కి పట్టుకుంటేనో అది ఆన్ అవుతుంది.

అయస్కాంతం పిన్నుల కేబుళ్లు చూడటానికి బాగుంటాయి, దగ్గరికి తీసుకెళ్తే టక్కున అతుక్కుంటాయి. నేను వాడను. కరెంటు బిందువులు బయటికే ఉంటాయి, అయస్కాంతం ఇనుప రజను లాగి వాటి మధ్య పట్టి ఉంచుతుంది, షార్ట్ అవడానికి అంతకన్నా ఏం కావాలి.

కేబుల్ మార్చేముందు పోర్టు ఒకసారి చూడండి. జేబులో ఉండే ఫోను పోర్టులో నూలు పొడి గట్టిగా కూరుకుపోయి పిన్ను పూర్తిగా లోపలికి దిగదు, లూజ్ కాంటాక్ట్ అనుకుంటాం. ఫోను ఆపేసి చెక్క పుల్లతో మెల్లగా తీస్తే చాలా కేబుళ్లు మళ్లీ బతుకుతాయి. లోహపు సూది మాత్రం పెట్టకండి. యూఎస్‌బీ మీటర్ అని వేలెడంత పరికరం ఒకటి దొరుకుతుంది, కేబుల్‌కీ ఛార్జర్‌కీ మధ్యలో పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వెళ్తున్నాయో చూపిస్తుంది. దాంతో ఇంట్లో కేబుళ్లన్నీ ఒకసారి కొలిచి, మంచివాటికి కొసన ఎంత వాట్లో రాసి అంటిస్తే ఇంట్లో మిగతావాళ్లకి కూడా ఏది దేనికో తెలుస్తుంది. నేను అలా కొలిచాక డ్రాయర్‌లో సగం కేబుళ్లు డేటాకి తప్ప దేనికీ పనికిరావని తేలింది.

ప్రయాణంలో నా సంచీలో ఉండేవి 65 వాట్ల ఛార్జర్, ఆ 100 వాట్ల కేబుల్, రెండు ముక్కలు, పొట్టి ఎ టు సి కేబుల్. చేతి గడియారానికి మాత్రం దాని సొంత కేబులే పెట్టుకోవాల్సి వస్తోంది, ఒక్కో కంపెనీ గడియారం వెనకాల ఒక్కో రకంగా కరెంటు బిందువులు పెట్టింది, వాటికి యూరప్ చట్టం కూడా ఇంకా వర్తించదు.